విశ్వవిద్యాలయ తోటలో జనానికి నేటి సేద్యాన్ని చూపించడం ఎలా?

విశ్వవిద్యాలయాల తోటలకు జనం రోజూ వస్తూనే ఉంటారు. పొద్దుటి నడకకు కొందరు, పిల్లలను ఆడించుకోవడానికి కొందరు, ఫొటోలు దిగడానికి కొందరు. అదే ప్రాంగణంలో, ఆ తోటకు కూతవేటు దూరంలోనే, విత్తనం మీద, నేల మీద, నీటి పొదుపు మీద ఏళ్ల తరబడి పరిశోధన సాగుతూ ఉంటుంది. అయితే ఈ రెంటి నడుమ సాధారణంగా ఒక కంచె, దానికొక తాళం ఉంటాయి. వచ్చినవారు పూలు చూసి వెళ్లిపోతారు, పరిశోధకులు వ్యాసం రాసి పత్రికకు పంపుతారు, తాము తినే తిండి ఈ రోజుల్లో ఎలా పండుతోందన్న సంగతి మాత్రం తోటకు వచ్చినవారికి ఎప్పటిలాగే తెలియకుండా ఉండిపోతుంది.

తోట బాధ్యత చూస్తున్నవారి కోసం, కొత్తగా అలాంటి తోటను తలపెట్టిన అధ్యాపకుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో పద్ధతులు చాలా ఉన్నా వాటన్నిటి వెనకా ఉన్న మాట ఒక్కటే: ఫలితాన్ని మీరు నోటితో చెప్పకండి, రెండు మడులు పక్కపక్కన వేసి తేడాను చూసినవారినే తేల్చుకోనివ్వండి.

ముందుగా, తోట ఎవరి కోసమో తేల్చుకోండి

విశ్వవిద్యాలయ తోటలు పుట్టింది జనం కోసం కాదు. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయం 1545లో తన తోటను నెలకొల్పింది వైద్య విద్యార్థుల కోసం. అసలైన మందుమొక్క ఏదో, దానిలా కనిపించే మరొక మొక్క ఏదో వారు కళ్లతో చూసి గుర్తుపట్టగలగాలన్నది అప్పటి అవసరం. అక్కడి మొక్కలకు విలువ ఎక్కువ కావడంతో రాత్రిపూట దొంగతనాలు జరిగేవి, అందుకని చుట్టూ గుండ్రంగా గోడ కట్టారు. ఆ తోట ఇప్పటికీ అదే చోట ఉంది. మన తోటల్లో చాలావాటికి ఇటుకల గోడ లేకపోయినా, లాటిన్ పేర్లు తప్ప మరేమీ లేని నేమ్‌బోర్డుల రూపంలో ఆ గోడ ఇంకా నిలిచే ఉంది.

దానికి భిన్నమైన దారి అమెరికాలో చట్టాల రూపంలో వచ్చింది. 1862 నాటి మోరిల్ చట్టం వ్యవసాయం నేర్పే కళాశాలల కోసం రాష్ట్రాలకు భూమిని ఇచ్చింది, 1887 నాటి హాచ్ చట్టం వాటికి ప్రయోగ క్షేత్రాలను జతచేసింది, 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం ఆ ప్రయోగాల ఫలితాన్ని జనం దగ్గరకు తీసుకువెళ్లే విస్తరణ సేవలకు నిధులు కేటాయించింది. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు పనులూ ఒకే సంస్థకు అప్పగించిన ఏర్పాటు అది. మీ సంస్థకు ఇలాంటి బాధ్యత చట్టరీత్యా ఉన్నా లేకపోయినా, ఆ మూడూ ఒకేచోట కంటికి కనిపించగలిగేది మాత్రం తోటలోనే.

కాబట్టి ఏ మొక్క నాటాలన్న ఆలోచనకు ముందు రెండు వారాలు గేటు దగ్గర కూర్చోండి. వచ్చేవారిని మూడే ప్రశ్నలు అడగండి: ఎందుకు వచ్చారు, ఇంట్లోగానీ పొలంలోగానీ ఏమైనా పండిస్తారా, పంటల గురించి మీకు అంతుబట్టని విషయం ఏది? జవాబులను వారి మాటల్లోనే రాసుకోండి. మూడో ప్రశ్నకు వచ్చిన జవాబులే మీ మొదటి ఏడాది మడుల జాబితా అవుతాయి. కమిటీ గదిలో కూర్చుని రాసిన జాబితా కంటే అది ఎప్పుడూ మెరుగ్గానే ఉంటుంది.

స్థలాన్ని, మట్టిని చూసుకోండి

ప్రాంగణంలో ఎవరికీ అక్కరలేని మూలను తోటకు ఇవ్వజూపడం మామూలే. దాన్ని ఒప్పుకోకండి. జనం ఎలాగూ నడిచే దారి పక్కన పది మడులు దొరికితే, ఎవరూ వెళ్లని చోట ఇచ్చే ఎకరం కంటే అవే మేలు. ఇలినాయ్ విశ్వవిద్యాలయం నడిబొడ్డున 1876 నుంచి సాగవుతున్న మారో ప్లాట్స్ అనే మడులు ఉన్నాయి. ఆ పక్కన గ్రంథాలయం కట్టవలసి వచ్చినప్పుడు, దాని నీడ మొక్కజొన్న మీద పడకూడదని భవనాన్ని భూమి లోపలికి కట్టారు. అది 1969లో తెరుచుకుంది. మడి కోసం భవనం పక్కకు తప్పుకున్న ఆ సంగతిని పాలకవర్గం ముందు చెప్పి చూడండి, స్థలం విషయంలో మీ మాటకు కొంత బలం వస్తుంది.

స్థలం దొరికాక భూసార పరీక్ష చేయించండి. ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సేంద్రియ కర్బనం, ప్రధాన పోషకాలతో పాటు సీసం కూడా చూడమని అడగండి. పాత భవనాల గోడల పక్కన ఒకప్పటి రంగుల నుంచి రాలిన సీసం మట్టిలో ఉండిపోతుంది, అది తనంతట తాను పోదు. భవన నిర్మాణం తర్వాత పూడ్చిన నేల అయితే పైన నాలుగు వేళ్ల మందాన మట్టి, అడుగున ఇటుక ముక్కలు, సున్నం ఉంటాయి. అలాంటిచోట ఎత్తు మడులు కట్టి బయటి మట్టి నింపడం తప్పదు. ఒకవైపు నుంచే అందుకునే మడి వెడల్పు 60 సెంటీమీటర్లు దాటకూడదు, రెండువైపులా దారి ఉంటే 120 వరకు పోవచ్చు. కొన్ని మడులనైనా 60 సెంటీమీటర్ల ఎత్తుకు కట్టి, వాటి మధ్య చక్రాల కుర్చీ తిరగగలిగేంత గట్టి దారి వదలండి. ఆ ఎత్తు మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి కూడా పనికొస్తుంది. తోటపనిలో అనుభవం ఎక్కువగా ఉండేది వారికే.

జంట మడులు వేయండి

మీ శ్రమలో సగం వెచ్చించవలసింది ఇక్కడే.

అన్నిటికంటే తేలికగా మొదలుపెట్టగలిగేది పొడుగు వరి, పొట్టి వరి. ఒక మడిలో పాతకాలపు పొడవాటి రకాన్ని, పక్క మడిలో పొట్టి రకాన్ని నాటి, రెంటికీ సమానంగా, కాస్త దండిగానే నత్రజని ఎరువు వేయండి. పొడుగు రకం ఏపుగా ఎదిగి, వెన్నులు బరువెక్కే వేళకు ఒక్క గాలివానకు చాపలా పడిపోతుంది, పొట్టి రకం నిలబడే ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్8 రకం కథంతా ఈ రెండు మడుల్లో ఉంది. ఇండోనేషియాకు చెందిన పొడవాటి రకాన్ని తైవాన్‌కు చెందిన పొట్టి రకంతో సంకరం చేసి దాన్ని రూపొందించారు. వేసిన ఎరువు కాండం పొడవుకు పోకుండా గింజకు చేరడం అన్నది వినడానికి పుస్తకంలో మాటలా ఉంటుంది, పడిపోయిన చేను పక్కన నిలబడ్డవారికి మాత్రం మరొకరు విడమరచి చెప్పనక్కరలేదు. వరి పండని చల్లని ప్రాంతమైతే గోధుమతో ఇదే పని చేయవచ్చు. జపాన్‌కు చెందిన నోరిన్ 10 అనే పొట్టి గోధుమ నుంచి వచ్చిన లక్షణంతోనే అమెరికా వ్యవసాయ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ తన రకాలను తయారుచేశారు, 1970లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

రెండో జంట మొక్కజొన్న, దాని అడవి పూర్వీకురాలైన టియోసింటే. టియోసింటే కంకిలో రాయిలాంటి తొడుగుల్లో ఒదిగిన గింజలు ఐదు నుంచి పన్నెండు దాకా ఉంటాయి, మొక్కజొన్న కండెలో వందల గింజలు బయటికే కనిపిస్తూ ఉంటాయి. దాదాపు 9,000 ఏళ్ల క్రితం దక్షిణ మెక్సికోలో మొదలైన ఎంపిక ఒకదాన్ని మరొకటిగా మార్చింది. ‘సహజమైన పంట’ అన్న మాటతో వాదానికి దిగేవారిని ఈ మడి దగ్గరకు తీసుకువెళ్లి ఊరుకోండి చాలు. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. భూమధ్యరేఖకు దూరంగా, వేసవిలో పగళ్లు పొడుగ్గా ఉండే ప్రాంతాల్లో టియోసింటే శరదృతువు దాకా పూతకు రాదు. పూత కావాలంటే రోజూ సాయంత్రం నల్లగుడ్డ కప్పి, రాత్రిని కృత్రిమంగా పొడిగించాలి.

క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రోకోలీ, నూల్‌కోల్, కేల్ ఈ ఐదింటినీ ఒకే మడిలో వేసి, ఇవన్నీ ఒకే జాతి మొక్క అని బోర్డు పెడితే చదివినవారిలో సగం మంది నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి. ప్రతిదానిలోనూ రెండేసి మొక్కలను కోయకుండా వదిలేయండి. తగినంత చలి తగిలి పూతకు వచ్చినప్పుడు అన్నిటికీ అవే నాలుగు రేకుల పసుపు పూలు వస్తాయి. బోర్డును నమ్మనివారు అప్పుడు తామే పక్కవారికి చెప్పడం మొదలుపెడతారు.

నీటి జంటలో ఒకే పంటను రెండు మడుల్లో వేసి, ఒకదానికి కాలువల ద్వారా, రెండోదానికి డ్రిప్పు ద్వారా నీరు పెట్టండి. రెండు పైపులకూ నీటి మీటర్లు బిగించి, వారం వారం అంకెలను నల్లబల్ల మీద సుద్దతో రాయండి. పంట కోసినప్పుడు దిగుబడిని కూడా తూచి అదే బల్ల మీద రాయాలి, లేకపోతే నీరు ఆదా అయినట్టు కనిపిస్తుంది తప్ప పంట సంగతి తేలదు. డ్రిప్పు గొప్పదనం ఒక్కటే చూపి ఊరుకోకుండా, ఉప్పు పేరుకుని మూసుకుపోయిన గొట్టాన్ని నిలువునా చీల్చి ఆ పక్కనే వేలాడదీయండి. డ్రిప్పును ఇంట్లోనో పొలంలోనో బిగించుకున్నవారికి రేపు ఎదురయ్యేది ఆ సమస్యే.

ఈ జంటల విషయంలో ఒక నియమాన్ని మరవకండి. ప్రదర్శన వేరు, ప్రయోగం వేరు. ఒక్కొక్క మడి చొప్పున పెట్టిన జంట తేడాను కంటికి చూపిస్తుందే గాని నిరూపించదు. పక్కనున్న చెట్టు నీడ ఒక మడి మీద గంటసేపు ఎక్కువ పడినా ఫలితం తారుమారు కావచ్చు. అంకెలు ప్రకటించదలిస్తే ప్రతి పద్ధతినీ కనీసం మూడు నాలుగు మడుల్లో, చీటీలు తీసి వచ్చిన వరుసలో వేయాలి. అది సాధ్యం కాకపోతే ప్రతి పంటకాలానికీ మడుల స్థానాలను తారుమారు చేసి, ‘ఇది ఒక్క జంట మాత్రమే’ అని బోర్డు మీద రాయండి. విజ్ఞానశాస్త్రం పేరు పెట్టుకున్న సంస్థ ఆవరణలో ఆ ఒక్క వాక్యం ఉండడం ఎంతైనా అవసరం.

ఏమీ వేయని మడి కూడా ఒకటి ఉండాలి. మారో ప్లాట్స్‌లో మొదటినుంచీ ఎరువు ఎరగని భాగాలను ఇప్పటికీ అలాగే ఉంచారు. బక్కచిక్కిన ఆ పైరు పక్కన ఉంటేనే మిగతా మడుల సంగతి అర్థమవుతుంది. తోటలో అందంగా లేని మడిని పీకి పూలమొక్కలు పెట్టమని పైనుంచి ఒత్తిడి వస్తుంది, ముఖ్యంగా అతిథులు రాబోతున్న వారంలో. ఆ మడికి పెద్ద బోర్డు పెట్టడమే దానికి మంచి రక్షణ.

చేతితో చేయించండి

1903లో టెక్సస్‌లోని టెరెల్ అనే ఊళ్లో సీమన్ నాప్ అనే వ్యవసాయ నిపుణుడు కొత్త పద్ధతులను ప్రభుత్వ క్షేత్రంలో కాక, వాల్టర్ పోర్టర్ అనే రైతు పొలంలో, ఆ రైతు చేతనే చేయించారు. నష్టం వస్తే భరించడానికి ఊరివారు ముందుగానే సొమ్ము పోగుచేశారు. ఒకరు చెబితే వినడం కంటే, చూడడం కంటే, తన చేత్తో చేసినదాన్నే మనిషి నమ్ముతాడన్నది ఆయన అనుభవం. అమెరికాలో తర్వాత వచ్చిన విస్తరణ వ్యవస్థకు అదే పునాది అయింది. తోటలో సందర్శకుడి చేత పంట మొత్తం పండించలేము గాని, పావుగంటలో పూర్తయ్యే పనులు మూడు చేయించవచ్చు.

మొదటిది మట్టిగడ్డ పరీక్ష. ఏటా దున్నే మడి నుంచి ఒక గడ్డను, దున్నకుండా ఆకులు, గడ్డి కప్పి ఉంచిన మడి నుంచి మరో గడ్డను తెచ్చి, నీడలో బాగా ఆరబెట్టండి. రెండు గాజు జాడీల నిండా నీళ్లు పోసి, పైఅంచుకు తీగ జల్లెడ తగిలించి, రెండు గడ్డలనూ ఒకేసారి దించమని చెప్పండి. దున్నిన మట్టిగడ్డ నుంచి మొదట బుడగలు వస్తాయి, తర్వాత అంచులు విడిపోయి పొడిలా జారడం మొదలవుతుంది, చివరకు జాడీ అడుగున బురద చేరి నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. రెండో గడ్డ చాలాసేపు గడ్డలాగే ఉంటుంది, నీళ్లు తేటగానే ఉంటాయి. వేళ్లు, శిలీంధ్రాల పోగులు, నేలలోని జీవాలు వదిలే జిగురు కలిసి మట్టి రేణువులను పట్టి ఉంచడమే దీనికి కారణం. వాన నీరు ఒక పొలంలో ఇంకిపోయి మరో పొలంలో మట్టిని కొట్టుకుపోవడం ఎందుకు జరుగుతుందో జాడీ వైపు చూస్తున్నవారు తామే చెబుతారు. కొత్తగా పెట్టిన తోటలో దున్నని మడి సిద్ధం కావడానికి కొన్నేళ్లు పడుతుంది కాబట్టి, అప్పటిదాకా ఏళ్లుగా కదిలించని పచ్చిక కింద నుంచి గడ్డ తెచ్చుకోండి.

రెండోది వేరు బుడిపెలను చూడడం. పూతకు వచ్చిన అపరాల మొక్కను లాగకుండా, చుట్టూ తవ్వి, మట్టితో సహా ఎత్తి, బకెట్టు నీళ్లలో మెల్లగా కడిగించండి. వేళ్లకు ఆవగింజంత, మిరియపు గింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదమమనండి. లోపల గులాబీ రంగుంటే అందులోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తున్నట్టు, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని జరగనట్టు. ఆ గులాబీ రంగు మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు బంధువైన పదార్థానిది. పక్క మడిలో అదే పంటకు నత్రజని ఎరువు దండిగా వేసి ఉంచితే అక్కడి వేళ్లకు బుడిపెలు చాలా తక్కువగా ఉంటాయి. ఉచితంగా దొరుకుతున్నప్పుడు మొక్క మాత్రం ఎందుకు కష్టపడుతుంది?

మూడోది గుమ్మడి పాదు దగ్గర చేసే పని. మర్నాడు విచ్చుకోబోయే ఆడపువ్వును ముందురోజు సాయంత్రమే గుర్తుపట్టాలి. రేకుల కింద చిన్న పిందె ఉన్నదే ఆడపువ్వు. దానికి సన్నటి వల సంచి తొడిగి దారంతో కట్టండి, పక్కనున్న మరో ఆడపువ్వును వదిలేసి దానికి రంగు దారం మాత్రం కట్టండి. తేనెటీగలు వచ్చి పోయిన పువ్వు కింది పిందె పెరగడం మొదలవుతుంది, సంచి తొడిగిన పిందె కొద్ది రోజులకే పసుపుపచ్చగా మారి రాలిపోతుంది. సంచి మీద కట్టినవారి పేరు రాసే చీటీ ఉంచండి. చీటీ మీద పేరున్న పిల్లవాడు ఫలితం చూడడానికి ఇంట్లోవారిని వెంటబెట్టుకుని మళ్లీ వస్తాడు, రెండో రాక కోసం ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

బోర్డులు తక్కువ మాటలతో రాయండి

బోర్డు మీద యాభై మాటలు మించకూడదు. మొదటి పంక్తిలో ప్రశ్న ఉండాలి, రెండో పంక్తిలో ఎక్కడ చూడాలో చెప్పాలి, జవాబు కింద చిన్న అక్షరాల్లో ఉన్నా చాలు. ‘ఈ రెండు మడుల్లో ఏది పడిపోయింది? కాండాన్ని రెండు వేళ్లతో పట్టి చూడండి’ అన్న బోర్డు పొడవాటి పేరాగ్రాఫు చేయలేని పని చేస్తుంది. లాటిన్ పేరు ఉండాలి గాని స్థానికులు పిలిచే పేరు దానికంటే పెద్దగా ఉండాలి. పంటకాలాన్ని బట్టి మారే విషయాన్ని లోహపు పలకల మీద చెక్కించకండి. తేదీ వేసి సుద్దతో రాసిన బల్లను జనం ఎక్కువగా నమ్ముతారు, ఎందుకంటే ఎవరో ఈ వారమే ఇక్కడికి వచ్చి చూశారని దాన్నిబట్టి తెలుస్తుంది.

యంత్రాల విషయంలో తొందరపడకండి. నేను పనిచేసిన ఒక తోటలో మడిమడికీ తేమను కొలిచే సెన్సార్లు పెట్టి, అంకెలు కనిపించేలా గేటు దగ్గర పెద్ద తెర బిగించారు. ఆ అంకె ఎక్కువ కావాలో తక్కువ కావాలో చెప్పేవారు లేక, మొదటి వర్షాకాలానికే కొన్ని సెన్సార్లు పనిచేయక, తెర మీద వారాల తరబడి ఒకే అంకె కనిపించేది. తర్వాత మేము తెరను తీసేసి ఒక్క సెన్సారునే ఉంచి, దాని పక్కన చిన్న తాపీ పెట్టాం. ముందు మట్టిని పిడికిట పట్టి తడి ఉందో లేదో మీరు చెప్పండి, తర్వాత మీటరు చూడండి అని రాశాం. రెంటికీ తేడా వచ్చినప్పుడల్లా అక్కడ చర్చ మొదలయ్యేది.

జబ్బు మొక్కలకు గేటు బయట చోటివ్వండి

జనం తోటకు తెచ్చే అతి విలువైన వస్తువు తమ సమస్య. మచ్చలు పడ్డ ఆకు, వడలిన కొమ్మ, పేరు తెలియని పురుగు. వారానికి ఒక పూట మొక్కల క్లినిక్ నడిపితే, పోస్టర్లకు కదలనివారు కూడా వస్తారు. అయితే దాన్ని తోట నడుమ పెట్టకండి. తెగులు సోకిన ఆకుతో పాటు ఆ తెగులు కూడా మీ తోటలోకి వస్తుంది. గేటు బయటే బల్ల వేసి, నమూనాలను మూసిన ప్లాస్టిక్ సంచుల్లో తెమ్మని ముందే చెప్పి, చూసిన తర్వాత సంచి విప్పకుండానే నాశనం చేయించండి. బల్ల దగ్గర పనిచేసినవారు చేతులు కడుక్కోకుండా మడుల్లోకి పోకూడదు.

జవాబు చెప్పే పద్ధతిలో కూడా నేటి సేద్యం కనిపించాలి. ఏ మందు కొట్టాలన్నది చివరి ప్రశ్న కావాలి. పురుగు ఏది, ఎన్ని ఉన్నాయి, వాటిని తినే మిత్ర పురుగులు ఉన్నాయా, నష్టం మందు ఖర్చును మించుతుందా అని వరుసగా అడగడమే సమగ్ర సస్యరక్షణ. క్లినిక్ బల్ల మీద ఒక భూతద్దం, ఒక పసుపు జిగురు అట్ట, ఆడపురుగు వాసనతో మగపురుగులను పట్టే ఒక లింగాకర్షక బుట్ట ఉంచి, పురుగులను లెక్కపెట్టే పనిని ప్రశ్న తెచ్చినవారికే అప్పగించండి.

అధ్యాపకులు మాత్రమే ఇంత పని చేయలేరు. 1970ల తొలి ఏళ్లలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పట్టణవాసుల తోట ప్రశ్నలకు జవాబులు చెప్పలేక విస్తరణ సిబ్బంది సతమతమయ్యారు. దానికి పరిష్కారంగా అక్కడి విశ్వవిద్యాలయం 1973లో మాస్టర్ గార్డెనర్ అనే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఆసక్తి ఉన్నవారికి శిక్షణ ఇవ్వడం, దానికి బదులుగా వారు నిర్ణీత గంటల పాటు జనానికి సలహాలు ఇచ్చి ఆ రుణం తీర్చుకోవడం దాని పద్ధతి. మీ దగ్గర కూడా శిక్షణకు రుసుము తీసుకోకుండా గంటలే తీసుకోండి. వీరిలో పొలం చేసినవారు కొందరైనా ఉండేలా చూడండి. వారు బల్లకు అవతల నిలబడి వినేవారిగా కాక, ఇవతల కూర్చుని చెప్పేవారిగా ఉన్నప్పుడే తోటకూ ఊరికీ మధ్య మాట రెండువైపులా నడుస్తుంది.

వాదాస్పద విషయాలను దాచకండి

జన్యుమార్పిడి పంటలు, పురుగుమందులు, విత్తన హక్కులు. ఈ మూడింటి గురించీ తప్పక అడుగుతారు. హవాయిలో వలయపు మచ్చల వైరస్ బొప్పాయి తోటలను తుడిచిపెడుతున్న దశలో, ఆ వైరస్‌ను తట్టుకునే జన్యుమార్పిడి బొప్పాయి 1998లో రైతులకు అందింది. అది పనిచేసిందన్నది నిజం, దాన్ని వ్యతిరేకించినవారు ఉన్నారన్నదీ నిజం, రెండూ చెప్పండి. అలాంటి మొక్కలను తోటలో పెంచడానికి మీ దేశపు నియంత్రణ సంస్థ అనుమతి అవసరం కావచ్చు. అనుమతి రాకముందు బొమ్మలతో, మాటలతో సరిపెట్టుకోవాలి, తెలియక నాటామన్న సంజాయిషీ చెల్లదు. హక్కులున్న రకాల విత్తనాన్ని పంచిపెట్టే ముందు కూడా హక్కుదారుల నిబంధనలు చూసుకోండి.

విత్తన, ఎరువుల, పరికరాల కంపెనీలు విరాళాలతో వస్తాయి. తీసుకోవడంలో తప్పు లేదు గాని, ఏ మడికి ఎవరు ఏమిచ్చారో ఆ మడి దగ్గరే రాయాలి, ఆ కంపెనీ రకం ఓడిపోతే ఆ సంగతీ రాస్తామని ఒప్పందంలోనే ఉండాలి. దీనికి ఒప్పుకోని విరాళాన్ని వదులుకోండి.

మందు కొట్టిన మడి దగ్గర మందు పేరు, కొట్టిన తేదీ, ఎప్పటినుంచి కోయవచ్చో ఎర్ర జెండా మీద రాసి పెట్టడం తప్పనిసరి. జనం తెంపుకుని తినే మడులను వేరుగా ఉంచి, వాటి మీద మందు కొట్టకపోవడమే మేలు. పండిన పంట ఎవరికి చెందుతుందో విత్తే ముందే ప్రకటించండి. ఈ ఒక్క విషయంలో వచ్చినన్ని తగవులు తోటలో మరెందులోనూ రావు.

సెలవులకు ముందే మనిషిని చూసుకోండి

విద్యాసంవత్సరం పంటకాలంతో కలవదు. విద్యార్థులు ఇళ్లకు వెళ్లిపోయిన నెలల్లోనే కలుపు, పురుగు, నీటి ఎద్దడి ఒక్కసారిగా మీద పడతాయి. విద్యార్థుల ఉత్సాహం మీద ఆధారపడిన తోట రెండో సెలవులకు ఎండిపోతుంది. ఏడాది పొడవునా జీతం మీద ఉండే తోటమాలి ఒకరైనా లేకుండా జంట మడులు మొదలుపెట్టకండి. ఆ జీతానికి డబ్బు చాలకపోతే మడుల సంఖ్య తగ్గించుకోండి.

లెక్క రాయండి, పుస్తకం అప్పగించండి

గేటు దగ్గర తలల లెక్క వల్ల తెలిసేది తక్కువ. అంతకంటే పనికొచ్చేవి మూడు: మళ్లీ వచ్చినవారెందరు, క్లినిక్‌కు వచ్చిన ప్రశ్నలేమిటి, చూసి వెళ్లినదాన్ని ఇంటి దగ్గరో పొలంలోనో చేసినవారెవరు. మూడో సంగతి తెలుసుకోవడానికి, సమ్మతించినవారి ఫోన్ నంబర్లు తీసుకుని మూడు నెలల తర్వాత ఒకసారి మాట్లాడండి. చేసి విఫలమైనవారి మాటలను ముఖ్యంగా రాసుకోండి. వచ్చే ఏడాది ఏ జంట మడి వేయాలో వారే చెబుతారు.

వీటన్నిటినీ ఒక గట్టి అట్ట పుస్తకంలో, మడుల పటంతో సహా రాసిపెట్టాలి. అమెరికాలోని మిచిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో కలుపు మొక్కల విత్తనాలను ఇసుకతో కలిపి ఇరవై సీసాల్లో నింపి ప్రాంగణంలో పాతిపెట్టారు. విత్తనం నేలలో ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చడం ఆయన ఉద్దేశం. ఒక తరం నుంచి మరో తరానికి చేతులు మారుతూ వచ్చిన పటాన్ని పట్టుకుని 2021లో, విత్తనాలకు వెలుతురు తగలకూడదని చీకట్లోనే తవ్వి, ఒక సీసాను బయటికి తీశారు. అందులోని కొన్ని విత్తనాలు మొలిచాయి కూడా. మిగిలిన నాలుగు సీసాలు ఇంకా భూమిలోనే ఉన్నాయి, తర్వాతి తవ్వకం 2040లో. మీ పుస్తకంలో ఏ మడిలో ఏ తేదీన ఏమి వేశారో, ఏ పైపు ఎక్కడ పూడ్చారో, ఏది చచ్చిపోయిందో, ఎందుకని అనుకుంటున్నారో రాయండి. ఒక ప్రతిని తోట గదిలో ఉంచి, రెండోదాన్ని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చి రసీదు తీసుకోండి.